పొగాకు బ్యారన్ దగ్గర ఎమ్మే ఇంగ్లీషు: నా అనుభవం

మా ఊళ్లో ఎవరికన్నా నేను ఎమ్మే ఇంగ్లీషు చేశానని చెప్తే వెంటనే అడిగేది ఒకటే, "అయితే దడదడా మాట్లాడేస్తావన్నమాట" అని. మూడేళ్లుగా వింటున్నా ఈ మాట. పెళ్లిళ్లలో అడిగారు, బస్సులో అడిగారు, స్కూల్లో మా హెడ్మాస్టరు గారు కూడా అడిగారు. ఎమ్మే ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పరు, చదవడం నేర్పుతారు అని చెప్తే మొహం అదోలా పెడతారు, చదవడం ఒకటో తరగతిలోనే వచ్చేసిందిగా అన్నట్టు. నేనూ మొదట్లో అట్టానే అనుకున్నా కాబట్టి వాళ్లని తప్పుపట్టను. కానీ ఈ చదువు నాకు ఎట్టా వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో రాయాలని చానా రోజుల్నించి ఉంది. మనవైపు పిలకాయలు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి భయపడే వాళ్లు ఎవరన్నా చదివితే పనికొస్తుందేమో అని రాస్తున్నా.

మాది కందుకూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం, పచ్చాకుని మంట వేడికి ఆరబెట్టే గదినే బ్యారన్ అంటాం, రెండెకరాలు సొంతం, ఇంకో మూడు కౌలు. పదో తరగతి దాకా ఊళ్లోనే గవర్నమెంటు స్కూలు, తెలుగు మీడియం. ఇంటరూ డిగ్రీ కందుకూర్లో, బీకాం. బీకాం అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరా, ఆరు ఏడు తరగతులకి ఇంగ్లీషు చెప్పమన్నారు, నెలకి తొమ్మిది వేలు. లెక్కలు చదివిన దాన్ని ఇంగ్లీషు చెప్పడం ఏందని ఎవరూ అడగలా, గ్రామర్ బాగా చెప్తానని పేరు కూడా వచ్చింది. ఒకరోజు ఏడో తరగతిలో ఒక పద్యం పాఠం చెప్తున్నా. చెప్పడమంటే గైడులో ఉన్న సారాంశం బోర్డు మీద రాయడమే. ఒక పిలగాడు లేచి "టీచర్, ఈ లైన్లో ఆయన బాధపడుతున్నట్టు యాడుంది? మామూలుగానే చెప్తున్నాడు కదా" అన్నాడు. నేను ఆ లైను మళ్లీ చదివా. వాడు చెప్పిందే నిజం. బాధ అనే మాట లేదు అందులో. గైడులో ఉంది, పద్యంలో లేదు. మరి గైడు వాళ్లకి ఎట్టా తెలిసింది, బాధ యాడ దాక్కోనుంది, నాకు తెలియలా. "పరీక్షకి ఇట్టానే రాయి నాన్నా" అని కూర్చోబెట్టా. ఇంటికొచ్చాక అన్నం సయించలా. ఆ రాత్రే అనుకున్నా ఇంగ్లీషు చదవాలని.

రెగ్యులర్‌గా యూనివర్సిటీకి పోయి చదివే వీలు లేదు, నా తొమ్మిది వేలు ఇంట్లో కావాలి. అందుకని ఇంట్లో ఉండి చదువుకునే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో చేరా, 2021 జులై సెషన్. ఏ డిగ్రీ చేసినా ఎమ్మే ఇంగ్లీషుకి తీసుకుంటారు, బీకాం అని అడ్డు చెప్పరు. మొత్తం 64 క్రెడిట్లు, పేపరుకి 8 చొప్పున ఎనిమిది పేపర్లు. రెండేళ్లలో అవ్వగొట్టొచ్చు, కుదరకపోతే నాలుగేళ్ల దాకా టైం ఉంటుంది. మొదటి ఏడాది నాలుగూ తప్పనిసరి, బ్రిటిష్ పొయిట్రీ, డ్రామా, నవల, నాలుగోది భాష గురించి. రెండో ఏడాది క్రిటిసిజం థియరీ తప్పనిసరి, మిగతావి మనం ఎంచుకోవాలి. ఒక్కో పేపరుకి ఒక అసైన్‌మెంట్ చేత్తో రాసి ఇవ్వాలి, దానికి 30 శాతం, పరీక్షకి 70 శాతం. రెండిట్లోనూ విడివిడిగా 40 రావాలి, ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

(మధ్యలో ఒకమాట. నేను చేరినప్పుడు అడ్రసులో ప్రకాశం జిల్లా అని రాశా. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు మా కందుకూరుని నెల్లూరు జిల్లాలో కలిపారు. ఒకే ఇంట్లో ఉండి ఒక జిల్లాలో చదువు మొదలుపెట్టి ఇంకో జిల్లాలో పూర్తి చేశా.)

పుస్తకాల పార్శిల్ వచ్చిన రోజు ఇల్లంతా పండగే. అమ్మ పసుపు కూడా పెట్టింది. బ్లాకులు అంటారు వాటిని, సన్న పుస్తకాలు, ఒక్కో పేపరుకి ఒక కట్ట. తీసి చదివితే ఒక్క పేజీ దాటలా. మాటలు తెలియక కాదు. డిక్షనరీ ఉంది, ఫోనుంది, మాటలన్నిటికీ అర్థం రాసుకున్నా కూడా వాక్యం అర్థం కాలా. మొదటి కవే ఛాసర్, 1400లో పోయినాయన, ఆయన ఇంగ్లీషు ఇప్పటి ఇంగ్లీషు కాదు, స్పెల్లింగే వేరు. భయమేసి పుస్తకం మూసేసి అసైన్‌మెంట్ సంగతి చూద్దామని వాట్సాప్ గ్రూపుల్లో చేరా. అక్కడ రెడీమేడ్ అసైన్‌మెంట్లు ఉంటాయి, పీడీఎఫ్ డబ్బులిచ్చి కొనుక్కోవడం, చేత్తో దించుకోవడం. నాలుగు పేపర్లకీ అట్టా దించేశా. రాత్రి పన్నెండు దాకా కూర్చొని ఎత్తి రాసేదాన్ని, పక్కన అమ్మ "ఎంత కష్టపడుతుందో పిల్ల" అనేది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పరీక్షలు ఒంగోల్లో పడ్డాయి. సింగరాయకొండ మీదుగా బస్సు, రెండు గంటల ముందే పోయి కూర్చునేదాన్ని. పొయిట్రీ పేపర్లో మొదటి ప్రశ్నలో కొన్ని లైన్లు ఇచ్చి సందర్భంతో సహా వివరించమంటారు. మూడు గంటల్లో నాకు తెలిసిన కవుల పుట్టిన తేదీలూ రాసిన పుస్తకాల పేర్లూ అన్నీ రాశా, ఆ లైన్ల గురించి తప్ప. రిజల్ట్ వచ్చింది, పొయిట్రీ 34, నాలుగోది లాంగ్వేజ్ 31. రెండూ పోయినాయి. అసైన్‌మెంట్లలో 70 పైన వేశారు కాబట్టి కలిపి పాసేమో అని ఆశపడ్డా, కానీ చెప్పాగా, విడివిడిగా 40 రావాలి.

వారం రోజులు ఎవరికీ చెప్పలా. తర్వాత ఊళ్లో మా తెలుగు మాస్టారి దగ్గరికి పోయా. ఆయన రిటైరయ్యి పదేళ్లయింది, మాకు ఎనిమిది నుంచి పది దాకా తెలుగు చెప్పారు. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు, సాయం అడగడానికి కాదు పోయింది, ఊరికే చెప్పుకోడానికి పోయా. అరుగు మీద కూర్చొని అంతా విన్నారు. విని అడిగారు, "ఆ పద్యాలకి ప్రతిపదార్థం రాశావా అమ్మాయ్?"

"ఇంగ్లీషు పద్యాలకి ప్రతిపదార్థం ఏంది మాస్టారూ" అన్నా.

"పద్యం పద్యమేగా. ఏదీ ఒకటి తీసుకురా."

తర్వాతి ఆదివారం మిల్టన్‌ని పట్టుకుపోయా, పారడైజ్ లాస్ట్ మొదటి పేజీ. 1667లో అచ్చయిన కావ్యం, అప్పటికే ఆయనకి చూపు లేదు, నోటితో చెప్తే వేరేవాళ్లు రాశారు. దాని మొదటి వాక్యం 16 పంక్తులు. నేను ఆ వాక్యంలోనే చానాసార్లు మునిగిపోయా. మాస్టారు "క్రియ యాడుందో చూడు ముందు" అన్నారు. వెతికితే ఆరో పంక్తిలో దొరికింది, పాడు అనే మాట. "ఇంక అన్వయం చెయ్" అన్నారు. మనిషి మొదటిసారి మాట జవదాటడం గురించి, ఆ తినకూడని చెట్టు పండు గురించి, దానివల్ల లోకానికి వచ్చిన చావు గురించి, పోగొట్టుకున్న ఆ తోట గురించి, పాడు, వాగ్దేవీ. అని తెలుగులో చెప్పగానే నేను ఆగిపోయా. ఒక్క ముక్క అటూ ఇటూ మార్చకుండా వరసగా తెలుగులోకి వచ్చేసింది. ఇంగ్లీషు వాళ్లకి ఆ వాక్యం తలకిందులు, క్రియ కోసం ఆరు పంక్తులు ఎదురుచూడాలి. మనకి? మన వాక్యంలో క్రియ ఎప్పుడూ చివరికేగా వచ్చేది. పుట్టిన కాడ్నించి క్రియ కోసం ఆగడం మనకి అలవాటే. ఇన్నాళ్లూ నేను తెలుగు మీడియం కాబట్టి మిల్టన్ రాడు అనుకున్నా, తెలుగు దాన్ని కాబట్టే మిల్టన్ వచ్చాడు ఆరోజు.

మాస్టారు ముసిముసిగా నవ్వి "మన తిక్కన గారి పద్యం అయినా ఇంతేనమ్మా, ముందు కర్త ఎవరు, క్రియ ఏది, ఎవరు ఎవరితో అంటున్నారు, ఏ సందర్భంలో, ఆ తర్వాతే భావం" అన్నారు. అప్పుడు తట్టింది, పరీక్షలో అడిగే ఆ మొదటి ప్రశ్న మేం పదో తరగతిలో రాసిన సందర్భ సహిత వ్యాఖ్యే అని! ఈ మాట ఏ గ్రంథం లోనిది, ఎవరు ఎవరితో అన్నారు, సందర్భం, భావం, విశేషం. అదే ప్రశ్న, అదే పద్ధతి. నేను పదిలో ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఫుల్ మార్కులు తెచ్చుకునేదాన్ని.

అక్కడ్నించి ప్రతి ఆదివారం మాస్టారి అరుగు మీద క్లాసు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొన్నా, ఎడమ పేజీలో పద్యం, కుడి పేజీలో ప్రతిపదార్థం తెలుగులో. ఇదంతా వృథా అని వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అంది, తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు ఎప్పటికీ రాదట. నాకైతే తెలుగులో విప్పుకున్నాకే ఆ ఇంగ్లీషు మాట అక్కడే ఎందుకుందో తెలిసొచ్చింది. ఎందుకంటే తెలుగులోకి తేవాలంటే దాటెయ్యడం కుదరదు. ఇంగ్లీషులో చదివేటప్పుడు తెలియని చోట కన్ను జారిపోతుంది, కలం జారదు కదా, ప్రతి మాట దగ్గరా ఆగి నువ్వెవరు అని అడగాల్సిందే.

అన్నీ మన లెక్కకి సరిపోయినాయని కాదు. ఛందస్సు దగ్గర గట్టి దెబ్బ తిన్నా. ఇంగ్లీషు పద్యం పంక్తికి పది అక్షరాలు, ఐదు గణాలు అని చదివి, సరే అని గురువు లఘువు పెట్టుకుంటూ పోయా. ఏ పంక్తీ కుదరదు. రెండు ఆదివారాలు పోయినాయి దీనికే. చివరికి భాష పేపర్లో దొరికింది జవాబు. మనకి లెక్క అక్షరం పొడవుది, వాళ్లకి లెక్క నొక్కి పలకడంది. రికార్డ్ అనే మాట ఉంది కదా, అది వస్తువు పేరైతే మొదటి భాగం నొక్కుతారు, పని పేరైతే రెండో భాగం నొక్కుతారు. స్పెల్లింగ్ అదే, నొక్కే చోటుని బట్టి మాటే మారిపోతుంది. మాస్టారికి ఇది చెప్తే ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు, పది మాటలు నాతో పలికించుకొని ఎక్కడ నొక్కుతున్నానో బల్ల మీద వేళ్లతో కొట్టి చూసుకున్నారు. ఆరోజు నేను టీచరు, ఆయన స్టూడెంట్.

భాష పేపరు అంటే అందరూ భయపడతారు, నాక్కూడా 31 వచ్చింది దాంట్లోనే కదా. పుస్తకం తెరవగానే నోటి బొమ్మ, నాలుక యాడ తగిలితే ఏ శబ్దం అని. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులు, 24 హల్లులు, 20 అచ్చులు. పేర్లన్నీ లాటిన్ మాటలు, నోరు తిరగదు. రెండోసారి చదివేటప్పుడు నోట్‌బుక్కులో వాటి పక్కన మన మాటలు రాసుకున్నా, కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. తొమ్మిదో తరగతి వ్యాకరణం! సగం పేపరు నాకు ముందే వచ్చు. తేడా యాడుందో కూడా అప్పుడే తెలిసింది. మన ట పలకడానికి నాలుక వెనక్కి మడిచి అంగిలికి ఆనిస్తాం, వాళ్ల టీకి నాలుక కొన పైపళ్ల వెనక చిగురుకి తగులుతుంది, మనకి ఆ చోట ట లేదు. మన స్కూల్లో పిలకాయల్ని "ఇంగ్లీషు సరిగ్గా పలకట్లేదు" అని తిట్టే బదులు నాలుక యాడ పెట్టాలో చూపిస్తే సరిపోయేది కదా అనిపించింది. ఇప్పుడు అట్టానే చూపిస్తున్నా. రెండోసారి ఆ పేపర్లో 63 వచ్చింది.

నవలల గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది నవలలు, మిడిల్‌మార్చ్ ఒక్కటే దిండంత ఉంటుంది. స్కూలుకి పోయొచ్చే బస్సులో చదివా. గైడు చదివి పాసవ్వొచ్చు అంటారు, అవ్వొచ్చేమో, నేను అట్టా చెయ్యదల్చుకోలా. ఒకసారి చేశాగా.

రెండో ఏడాదిలో ఇండియాలో ఇంగ్లీషు చదువు ఎట్టా వచ్చింది అనే పేపరు తీసుకున్నా, అది మాత్రం అందర్నీ తీసుకోమంటా. 1835లో మెకాలే మనవాళ్లకి ఇంగ్లీషు చదువు చెప్పించాలని ఆ నోట్ రాయడం మనందరికీ తెలుసు. నాకు తెలియంది ఏందంటే, 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టారు కదా, ఆ తర్వాత ముప్పై ఏడేళ్లకి గానీ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యానికి ప్రత్యేకంగా కోర్సు రాలా, 1894లో. కేంబ్రిడ్జిలో అయితే 1917. అంటే వాళ్ల దేశపు పెద్ద యూనివర్సిటీల్లో పిల్లలకి వాళ్ల సాహిత్యం ఒక సబ్జెక్టు కాకముందే మన పిల్లల చేత చదివించారు. మతం నేరుగా చెప్తే గొడవలవుతాయని, సాహిత్యం పేరుతో వాళ్ల నీతి, వాళ్ల గొప్ప ఎక్కించడానికి అది పనికొచ్చిందని గౌరీ విశ్వనాథన్ గారు 1989లో పుస్తకమే రాశారు. ఇది చదివాక రెండు రోజులు నాకు కోపంగా ఉంది. ఎవడో పరిపాలన కోసం పెట్టిన సబ్జెక్టుకి నేను నిద్ర చెడగొట్టుకుంటున్నానా అని. మాస్టారిని అడిగితే "వాళ్లు ఎందుకు పెట్టారో వాళ్లిష్టం, నువ్వు ఎందుకు చదువుతున్నావో నీ ఇష్టం" అన్నారు. అప్పటికి ఆ జవాబు నాకు సరిపోలా. సరిపోయింది తర్వాత, ఈ కింద చెప్పబోయే రాత్రి.

2023 ఫిబ్రవరి. పొగాకు కాపు మాంచి ఊపులో ఉంది. బ్యారన్ సంగతి తెలియనివాళ్లకి చెప్తా, పచ్చాకు కోసి కర్రలకు కట్టి బ్యారన్‌లో ఎక్కిస్తే ఐదారు రోజులు రాత్రింబవళ్లు మంట చూసుకుంటూ ఉండాలి. వేడి తగ్గితే ఆకు పాడు, ఎక్కువైతే మాడు. ఎవరో ఒకరు పడుకోకుండా ఉండాలి, గంటకోసారి థర్మామీటరు చూసి కట్టె ఎగెయ్యాలి. ఆ రాత్రి నాయనకి తోడుగా నేను కూర్చున్నా. చేతిలో వర్డ్స్‌వర్త్. పరీక్షకి ఆయన రాసిన వేరే పెద్ద కవిత ఉంది, అది కాకుండా ఆయన ఇంకేం రాశాడో చూద్దామని మైకేల్ అనే కవిత ఫోనులో దింపుకున్నా. 1800లో అచ్చయింది. సిలబస్‌లో లేదు.

మైకేల్ ఒక ముసలి గొర్రెల కాపరి. ముసలితనంలో పుట్టిన ఒక్క కొడుకు. పొలం కాస్త ఉంది, దాని మీద అప్పు తీర్చడానికే జీవితంలో సగం పోయింది. కొడుక్కి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఒక కబురొస్తుంది. ఎప్పుడో అన్న కొడుక్కి హామీ ఉన్నాడు, వాడు దెబ్బతిన్నాడు, ఇప్పుడు ఆ డబ్బు ఈయన కట్టాలి. ఇక్కడ నా కలం ఆగిపోయింది. మొదట ప్రతిపదార్థంలోనే ఆగింది, ఇంగ్లీషులో సోదరుడి కొడుకు అని ఉంది, అన్నా తమ్ముడా తేల్చలా, తెలుగులో రాయాలంటే తేల్చాలి. తర్వాత అసలు సంగతి తగిలింది. మా మేనత్త కొడుకు ట్రాక్టరు లోనుకి నాయన హామీ సంతకం పెట్టాడు, నేను ఇంటర్ చదివేటప్పుడు. వాడు చెడ్డోడు కాదు, కవితలో అన్న కొడుకు కూడా చెడ్డోడు కాదు, కష్టపడేవాడే, కాలం కలిసి రాలా. మాకు నాలుగెకరాలు ఉండేది, రెండయ్యింది అందుకే. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం.

నాయన "ఏంది ఆగిపోయినావు" అన్నాడు. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. ఏం లేదన్నా. కాసేపయ్యాక మళ్లీ అడిగాడు, ఏం కత అది అని. సరే అని చెప్పడం మొదలుపెట్టా.

పొలం సగం అమ్మితే అప్పు తీరుద్ది, కానీ అమ్మడానికి మైకేల్‌కి మనసొప్పదు. కొడుకుని పట్నంలో బంధువు దగ్గరికి పంపిస్తాడు, సంపాదించుకొని వస్తే పొలం నిలుస్తుందని. పంపే ముందురోజు సాయంత్రం వాణ్ని వాగు పక్కకి తీసుకుపోతాడు, అక్కడ గొర్రెల దొడ్డి కట్టడానికి రాళ్లు కుప్ప పోసి ఉంటాయి. మొదటి రాయి నువ్వు పెట్టు, నువ్వు పోయాక నేను కడతా అంటాడు. కొడుకు రాయి పెట్టి పోతాడు. మొదట బాగానే ఉంటాడు, జాబులు రాస్తాడు. తర్వాత చెడిపోతాడు, సముద్రం దాటి పారిపోతాడు. ముసలాయన ఇంకా ఏడేళ్లు బతుకుతాడు. అప్పుడప్పుడూ ఆ దొడ్డి దగ్గరికి పోతుంటాడు. చానా రోజులు, అక్కడికి పోయి ఒక్క రాయి కూడా ఎత్తలేదని ఊళ్లో చెప్పుకుంటారు.

నేను అంతవరకే చెప్పా. ఆ ఒక్క రాయి కూడా ఎత్తలేదు అనే పంక్తి ఇంగ్లీషు సాహిత్యంలో చానా పేరున్న పంక్తి, దాన్ని ఎంతోమంది ఎత్తి చూపారు, అందులో బాధ అనే మాట లేదు, కన్నీళ్లు లేవు. నేను అదే ఆలోచిస్తున్నా, ఎట్టా వివరించాలా అని. నాయన కట్టె ఒకటి ఎగదోసి, కూర్చొని, మంట వైపు చూస్తా అన్నాడు.

"పోతాడు. పని చెయ్యబుద్ధి కాదు, పోకుండా ఉండబుద్ధి కాదు."

కాసేపాగి, "మన రెండెకరాలు వాళ్లకి రాసిచ్చినాక నేను గూడా కొన్నాళ్లు పొద్దున్నే ఆ గట్టు మీదికి పోయి కూర్చోని వచ్చేవోణ్ణి. మీ అమ్మకి తెలవదు" అన్నాడు.

ఏడో తరగతి పిలగాడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది నాకు. బాధపడుతున్నట్టు యాడుంది టీచర్ అన్నాడు కదా. చెప్పకుండా వదిలేసిన చోట ఉంటుంది నాన్నా అది. పోయాడు, ఎత్తలేదు, ఆ రెండు మాటల మధ్యలో ఉంటుంది. ఈ సంగతి నాకు ఏ బ్లాకులోనూ, ఏ థియరీ పేపర్లోనూ ఇంత సూటిగా దొరకలా, బ్యారన్ ముందు నాయన నోట్లోంచి వచ్చింది.

"ఆ పొలం ఏమైంది" అని అడిగాడు నాయన. ముసలాయనా ఆయన భార్యా పోయాక అమ్మేశారు, పరాయివాళ్ల చేతిలోకి పోయింది, ఇల్లు కూడా లేదు, దున్నేశారు, వాకిట్లో చెట్టు ఒకటీ, సగం కట్టిన దొడ్డి రాళ్లూ మిగిలాయని చెప్పా. ఇంకేం అడగలా. లేచి థర్మామీటరు చూసొచ్చాడు.

తర్వాతి వారం ఏడో తరగతి చదివిన ఆ పిలగాడు, అప్పటికి ఎనిమిదిలోకి వచ్చాడు, వాణ్ని పిలిచి ఆ పాత పద్యం మళ్లీ తీయించా. ఇద్దరం కూర్చొని ఏ మాట చెప్పాడు, ఏ మాట చెప్పకుండా వదిలాడు అని చూశాం. వాడికి అర్థమైంది. నాకంటే ముందే అర్థమైంది అనాలి.

ఇంక మిగిలిన సంగతి తొందరగా చెప్తా. రెండో ఏడాది అసైన్‌మెంట్లు అన్నీ సొంతంగా రాశా. మార్కులు మొదటి ఏడాది దించిన వాటికంటే తక్కువే వచ్చాయి, 58, 60 అట్టా, కానీ పరీక్షల్లో ఒక్కటీ పోలా. పొయిట్రీ రెండోసారి 61. వేస్ట్ ల్యాండ్ మీద ప్రశ్న వచ్చింది, 1922 నాటి కవిత, దాని చివర్లో ఉరుము ద ద ద అని ఉరమడం, దత్త, దయధ్వం, దామ్యత, అది బృహదారణ్యక ఉపనిషత్తులోది. మాస్టారు దేవతలకీ మనుషులకీ అసురులకీ ఆ ఒక్క అక్షరం మూడు రకాలుగా వినపడటం నాకు కథగా చెప్పి ఉన్నారు, అది అట్టే రాశా. 2023 డిసెంబరు పరీక్షలతో మొత్తం అయిపోయింది, రెండేళ్లది రెండున్నరేళ్లు పట్టింది. 57 శాతం.

ఆ శాతం సంగతి ఎందుకు చెప్తున్నానంటే, డిగ్రీ కాలేజీల్లో చెప్పడానికి అర్హత ఇచ్చే నెట్ పరీక్ష రాయాలంటే ఎమ్మేలో జనరల్ వాళ్లకి 55, బీసీ ఎస్సీ ఎస్టీ వాళ్లకి 50 ఉండాలి. ఊరికే పాసైతే చాలు అని 40లూ 45లూ తెచ్చుకొని తర్వాత ఏడ్చిన వాళ్లని నేను చూశా. చేరేటప్పుడే ఈ అంకె గోడ మీద రాసి పెట్టుకోండి. పుస్తకాలు పోస్టులో ఆలస్యమైనా ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్లో అన్ని బ్లాకులూ ఫ్రీగా దొరుకుతాయి, ఎదురుచూస్తూ కూర్చోవద్దు. రెడీమేడ్ అసైన్‌మెంట్లు కొనొద్దు, దండం పెట్టి చెప్తున్నా. అసైన్‌మెంట్ రాసేటప్పుడే పరీక్షకి చదువుతున్నట్టు, అది దించేస్తే ఆ చదువు ఎప్పటికీ జరగదు. చేతిరాత బాగుంటే మార్కులు వస్తాయని అంటారు, నాకు 34 వచ్చిన పేపర్లో కూడా నా చేతిరాత ముత్యాల్లానే ఉంది. తెలుగు మీడియం అని భయపడే వాళ్లకి ఒకటే చెప్తా, మీ పదో తరగతి తెలుగు నోట్‌బుక్కు ఇంట్లో ఉంటే తీసి చూసుకోండి, సందర్భ సహిత వ్యాఖ్యలు ఎట్టా రాశారో.

మాస్టారికి సర్టిఫికెట్ చూపించడానికి పోతే కళ్లజోడు పెట్టుకొని ప్రతి అక్షరం చదివారు, వెనక్కి తిప్పి కూడా చూశారు. స్వీటు పెడితే షుగరని తినలా, జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు నెట్‌కి చదువుతున్నా. మూడు గంటలు, 150 ప్రశ్నలు, ఒక్కోటి రెండు మార్కులు, తప్పుకి మార్కులు తియ్యరు. అన్నీ గుర్తుపెట్టుకునే ప్రశ్నలే ఎక్కువ, ఏ పుస్తకం ఏ ఏడు, ఎవరు ఎవరికి అంకితమిచ్చారు, ఇట్టా. నాకు అంత ఇష్టం లేని చదువు, అయినా దాటాలి కాబట్టి చదువుతున్నా. స్కూలు మానలా.

ఈ ఏడు కూడా కాపు మొదలైంది. నిన్న పొద్దున పాలు పోయించుకొస్తా నాయన గుమ్మం దగ్గర ఆగి "ఆ దొడ్డి కత రాసినాయన ఇంకేమన్నా రాసినాడా గొర్రెల మీద" అని అడిగాడు. రాశాడు. ఒకాయనకి యాభై గొర్రెలుండేవి, చానామంది పిల్లలు, వాళ్లకి తిండి పెట్టడానికి ఒక్కొక్కటే అమ్ముకుంటా పోయి చివరికి మిగిలిన ఒక్క గొర్రెపిల్లని చేతుల్లో ఎత్తుకొని రోడ్డు మీద ఏడుస్తా ఎదురొస్తాడు. 1798 నాటిది. ఈ రాత్రి బ్యారన్ దగ్గర నా వంతు, నోట్‌బుక్కులో ప్రతిపదార్థం సగమయ్యింది, చీకటి పడేలోపు మిగతాది రాసుకోవాలి.